సిరిసిల్లలో నేను ఆపిన పెళ్లి

జీవితంలో నేను ఒకే ఒక్క పెళ్లిని ఆపాను. నిండు పందిట్లో లేచి నిలబడి, గొంతు సవరించుకుని, మైకు పట్టుకుని మరీ ఆపాను. తర్వాత తేలిందేమిటంటే అది ఆపవలసిన పెళ్లి కాదు. ఇంకా నిజం చెప్పాలంటే అది పెళ్లే కాదు. మీరు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. సిరిసిల్లలో ఒక వాడ వాడంతా ఎప్పుడో నవ్వేసింది. ఇప్పుడు మీరు కొత్తగా తీయగలిగిన పరువు నా దగ్గర మిగల్లేదు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. నస్పూర్ బొగ్గుగనుల కాలనీలో మాదొక చిన్న బెంజో పార్టీ. చూడనివాళ్లకు బెంజో అంటే చెప్పాలి: పొడుగాటి చెక్కపెట్టె, దాని మీద తీగలు, తీగల మీద టైపు మిషనుకు ఉన్నట్టు మీటలు. ఎడమచేత్తో మీటలు నొక్కుతూ కుడిచేత్తో తీగలు మీటాలి. దూరం నుంచి చూస్తే గుమాస్తా ఎవరో అర్జీ టైపు చేస్తున్నట్టు ఉంటుంది. దగ్గరికొచ్చి వింటే మాత్రం కాళ్లు ఒకచోట నిలవవు.

దాన్ని వాయించేది మా పార్టీ పెద్ద గంగారాం కాక. ఆయనది ఆదిలాబాద్ వైపు, మహారాష్ట్రకు ఆనుకున్న పల్లె. పొద్దున బాయిలోకి దిగి బొగ్గు పని, సాయంత్రం పైకొచ్చి బెంజో పని. మాటకొక మరాఠీ ముక్క పడకపోతే కూరలో ఉప్పు తగ్గినట్టు బాధపడేవాడు. ఢోలక్ మీద సమ్మయ్య. సమ్మయ్య ఢోలక్‌తో తప్ప మనుషులతో మాట్లాడేవాడు కాదు. ఇక మాండలిన్, పాట, మైకు, ఫోను నావి. అంటే నోటితో చేసే పనులన్నీ నావే. మా పార్టీ చేసిన మొదటి పొరపాటు అదే.

పసిపిల్లల తొట్టెల ఫంక్షన్లు, రిటైర్మెంట్ ఫంక్షన్లు, గణపతి మండపాలు, ఎవరింట్లో పుట్టినరోజున్నా మేమే. డీజే డబ్బాలు వచ్చాక మా గిరాకీ ఎండాకాలం గోదారిలాగా సన్నబడిపోయింది. గంగారాం కాక ఒకరోజు బెంజో తుడుస్తూ, "గీ ఏడు గూడ గిట్లనే పోతె దీన్ని అటుక మీద పెట్టుడే," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

అలాంటి రోజుల్లో సిరిసిల్ల నుంచి ఫోను వచ్చింది. అవతల ఒక ఆడమనిషి గొంతు. ఆ గొంతు వెనక సాంచాల మోత. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. నాలుగు సాంచాలు ఒకేసారి నడిచే షెడ్డులో నిలబడి ఫోను చేస్తే, అవతలివాడికి సగం మాటలే చేరతాయి. మిగతా సగం వాడు సొంతంగా తయారు చేసుకోవాలి. నేను బాగా తయారు చేసుకున్నాను.

"తమ్మీ, బెంజో పార్టీయేనా. నేను శ్యామలను మాట్లాడుతున్న. వచ్చే ఐతారం మా బాపు పెండ్లి..." టకటకటకటక.

"ఎవరి పెండ్లి అక్కా?"

"మా బాపుది. పెండ్లి..." టకటకటకటక. "యాభై ఏండ్లు నిండుతున్నయి. గందుకే గింత ఖుషి."

యాభై ఏళ్ల పెళ్లికొడుకు. ఉంటారు, లోకంలో అన్ని రకాలూ ఉంటారు. పాపం తల్లి పోయి ఉంటుందనుకుని గొంతు తగ్గించి అడిగాను.

"మరి మీ అవ్వ...?"

"అవ్వకు చెప్పలే తమ్మీ. ఎర్కైతె వద్దని లొల్లి జేస్తది. అందరం కలిసి దాపెట్టినం. మీరు గూడ వచ్చినంక సప్పుడు జెయ్యకుండ ఉండుండ్రి. పందిట్లకు తీస్కచ్చినంకనే అవ్వకు ఎర్క కావాలె."

"అప్పుడు ఏడ్వదా అక్కా?"

"ఏడుస్తది. మేం గూడ ఏడుస్తం," అని ఆమె హాయిగా నవ్వింది.

మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. పెళ్లి కాదు, పెళ్లిరోజు. ఆ 'రోజు'ను సాంచా మింగేసింది. యాభై ఏళ్లు బాపు వయసు కాదు, కాపురం వయసు. ఇంత తెలివిగలవాళ్లు ఆ రోజు నా పక్కన ఒక్కరున్నా బాగుండేది. నా పక్కన సమ్మయ్య ఉన్నాడు.

ఆ సాయంత్రం గంగారాం కాకతో చెప్పాను.

"కాకా, గిది మంచిగ లేదు. ఇంట్ల పెండ్లాం ఉండంగ రెండో పెండ్లి. కన్నబిడ్డనే దగ్గరుండి జేస్తుంది."

"అరే బాబా, ఆపల్యాలా కాయ్," అన్నాడు కాక. మనకెందుకని. "మనది వాయించుడు. పంచాయతి జేసుడు కాదు."

"రేపు మన అక్కచెల్లెండ్లకు గిట్లయితె ఊకుంటమా?"

"రాజేశం, సిరిసిల్లల మన పేరు నిలవడితె ఇంక నాలుగూర్లు పిలుస్తయి. నువ్వు పాడు, చాలు. ఫికర్ జెయ్యకు."

నేను ఫికర్ చేశాను. ఆదివారం దాకా అదే పని.

కరీంనగర్‌లో బస్సు మారి మధ్యాహ్నానికి సిరిసిల్ల చేరాం. శ్యామలక్క ఎదురొచ్చింది. నలభై దాటిన మనిషి, మొహం నిండా నవ్వు. మమ్మల్ని వాళ్ల ఇంటెదురుగా ఉన్న షెడ్డులోకి తీసుకెళ్లి, ఆగి ఉన్న సాంచాల మధ్య దాచి, చాయ్ ఇచ్చింది. నేను తాగలేదు. అది నా నిరసన. నా నిరసనను కూడా సమ్మయ్యే తాగేశాడు.

షెడ్డు తలుపు సందులోంచి చూస్తే వాళ్ల ముందుగదిలో పెళ్లికొడుకు కనిపించాడు. ఇద్దరు మనవలు పట్టుకుని కొత్త ధోతి కడుతున్నారు. తల ముగ్గుబుట్టలా తెల్లగా ఉంది. యాభై అన్నారు, చూస్తే డెబ్బై దాటి చాలా దూరం వెళ్లిన మనిషి. ఓహో, పెళ్లికూతురి వాళ్లకు వయసు కూడా తగ్గించి చెప్పారన్నమాట అనుకున్నాను. నా రక్తం మరింత మరిగింది.

మంచినీళ్ల వంకతో షెడ్డు దాటి, వాళ్లింటి వెనక్కి వెళ్లాను. అక్కడొక ముసలమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మాసిన చీర. ఎర్రటి కళ్లు. పొగాకు ఘాటుకు ఎవరి కళ్లైనా ఎర్రబడతాయన్న సంగతి నాకు తట్టలేదు. ఈమే అనుకున్నాను.

"అవ్వా, జర మంచినీళ్లు. అంబదాసు తాత నీకేమైతడు?" శ్యామలక్క వాళ్ల నాన్న పేరు ఫోనులోనే చెప్పింది.

"ఏమైతడు, నా పెనిమిటి. నువ్వెవలు బిడ్డా?" చెంబు అందిస్తూ అడిగింది.

"నస్పూర్ బెంజో పార్టీ అవ్వా."

"బెంజోనా? గీ వాడల బెంజో ఎవలు పెట్టిండ్రు?"

నేను ఆమె ముందు కూర్చున్నాను. డాక్టర్లు చెడ్డకబురు చెప్పేటప్పుడు కూర్చుంటారని ఎక్కడో చూశాను.

"అవ్వా, గుండె దిటవు జేస్కో. నీకు ఎర్క లేకుండ మీ ఇంట్ల పెండ్లి జరుగుతుంది."

"ఎవలిది?"

"తాతది."

ఆమె వేళ్ల మధ్య బీడీ ఆగిపోయింది. నా మొహం చూసింది. తల వంచుకుంది. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. అయ్యో, ఏడిపించానే అనుకున్నాను.

"పిల్ల ఎవలు బిడ్డా?" అంది, తల ఎత్తకుండానే.

"గది ఎర్కలే అవ్వా. నీ బిడ్డనే మమ్ముల మాట్లాడింది. అందరు కలిసి నీకు దాపెట్టిండ్రు. అడిగితె నవ్వింది గూడ."

"ఇయ్యాల్నే ఎందుకు పెట్టిండ్రట?"

"ఐతారం గదా అవ్వా, అందరికి సెలవుంటదని కావచ్చు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు తియ్యలేదు. తీశాక కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. "వీళ్లు మర్సిపోయిండ్రనుకున్న బిడ్డా," అంది మెల్లగా. "పొద్దటి సంది ఒక్కలు గూడ ఆ ముచ్చట తియ్యలే."

ఏ ముచ్చటో నేను అడగలేదు. నాకు అడిగే అలవాటు ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"నువ్వు పరేషాన్ కాకు అవ్వా. నేనున్న. పందిట్ల మైకు నా చేతుల ఉంటది. నేను పెండ్లి ఆపుత. ఆపి మైకు నీకిస్త. నీ గోస నువ్వే అందరి ముంగట చెప్పు."

"గట్లనా," అంది ఆమె, చాట పక్కన పెట్టి లేస్తూ. "అయితె మంచి చీర కట్టుకుంట."

"చీర ఎందుకవ్వా?"

"సవతి చూడంగ పాత చీర మీద పోతనా బిడ్డా."

నాకు కన్నీళ్లు ఆగలేదు. గిన్నెలు తోమేచోట ఉన్న నీళ్ల గోళెం దగ్గర మొహం కడుక్కుని షెడ్డులోకి వెళ్లాను.

వాడ చివర ఖాళీ జాగాలో పందిరి. ఎండ తగ్గేసరికి జనం నిండిపోయారు. రెండు కుర్చీలు, రెండు పూలదండలు. ఒక కుర్చీలో అంబదాసు తాత కొత్త ధోతితో, కొత్త కండువాతో, వచ్చిన ప్రతివాళ్లకూ దండం పెడుతూ కూర్చున్నాడు. రెండో కుర్చీ ఖాళీ. ఆ ఖాళీ కుర్చీని చూసినప్పుడల్లా నాకు పళ్లు కొరుక్కోబుద్ధయింది. గంగారాం కాక బెంజో ఒళ్లో పెట్టుకుని, "ఆమె రాంగనే మంచిగ స్వాగతం చెప్పు, నేను అందుకుంట," అన్నాడు. తలూపాను.

శ్యామలక్క తల్లి రుక్కవ్వను చెయ్యి పట్టుకుని తీసుకొస్తోంది. రుక్కవ్వ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, కొప్పులో పూలు పెట్టుకుని ఉంది. ఏదో సాకు చెప్పి తీసుకురాబోయిన శ్యామలక్కకు, తల్లి ముందే ముస్తాబై గడపలో నిలబడి ఉండటం అంతు పట్టలేదని మొహమే చెబుతోంది. కాక బెంజో మీద చెయ్యెత్తాడు. నేను మైకు ఎత్తాను.

"ఆపుండ్రి. గీ పెండ్లి జరగద్దు."

మైకు కుయ్యిమంది. కాక చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆయన నోట్లోంచి మరాఠీ కూడా రాలేదు.

"గింతమంది పెద్దమనుషులున్నరు," అన్నాను. నా గొంతు నాకే గొప్పగా వినబడుతోంది. "చేసుకున్న పెండ్లాం కండ్ల ముంగట ఉండంగ, గీ వయసుల ఆమె మీదికి సవతిని తెస్తరా? ఆ తల్లి ఇంటెనుక కూసోని ఏడుస్తుంటె చూసి వచ్చిన."

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అంబదాసు తాతకు వినబడదు. చిన్నప్పటి నుంచీ సాంచాల మధ్య బతికిన మనిషి, చెవులు ఎప్పుడో వాటికే ఇచ్చేశాడు. మైకులో ఎవరో కుర్రవాడు తనవైపు చెయ్యి చూపిస్తూ ఆవేశంగా మాట్లాడుతుంటే తనను పొగుడుతున్నాడనుకున్నాడు. నేను 'సవతి' అన్నప్పుడు లేచి నిలబడి అందరికీ రెండు చేతులూ జోడించాడు.

"చూడుండ్రి," అన్నాను. "ఒప్పుకుంటుండు."

శ్యామలక్క అప్పటికి తేరుకుంది. "ఎవలికి సవతి తమ్మీ?"

"మీ అవ్వకు అక్కా. ఫోన్ల నువ్వే గదా చెప్పినవు. ఇగో, ఆమె నోటితోనే ఇనుండ్రి." వెళ్లి రుక్కవ్వ చేతిలో మైకు పెట్టాను. పెట్టి, న్యాయం గెలిచిన తర్వాత మనుషులు ఎలా నిలబడతారో అలా చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను.

రుక్కవ్వ మైకును రెండు చేతులతో పట్టుకుంది.

"నా పెండ్లయి ఇయ్యాల్టికి యాభై ఏండ్లు," అంది. "పొద్దటి సంది ఒక్కలు గూడ యాది జెయ్యకపోతె అలిగి, పోయి బీడీలు ముంగటేసుకున్న. గీ బిడ్డ వచ్చి నీ మొగనికి రెండో పెండ్లవుతుంది, దాపెట్టిండ్రు అని చెప్పిండు. ఇయ్యాల్నే పెట్టిండ్రంటె నాకు సమజైంది, మా శ్యామల ఏదో జేస్తుందని. నాకు ఎంత నవ్వొచ్చిందో అంత ఏడుపొచ్చింది. సరే, వచ్చిన. పిల్లను సూపెట్టుండ్రి. నేనే అయితె దండలు తెండ్రి."

యాభై. ఆ మాట నా చెవిలో పడి, లోపల ఎక్కడో ఉన్న ఫోను మాటలను ఒక్కొక్కటిగా లేపింది. యాభై నిండుతున్నయి. అవ్వకు చెప్పలే. పెండ్లి, టకటకటక. ఒక్కొక్క మాటా లేచి వచ్చి చెంప మీద కొట్టి వెళ్లింది. జనం నవ్వు మొదలైంది. వాడలోని సాంచాలన్నీ ఒకేసారి నడిచినా అంత మోత రాదు. వంటవాళ్లు గరిటెలతో సహా బయటికొచ్చి నవ్వారు. నేను పందిరి గుంజ వెనక దాక్కోబోయాను. గుంజ నాకంటే సన్నం.

"ఏందట? ఏమంటుండు?" అని అంబదాసు తాత అడుగుతున్నాడు. రుక్కవ్వ ఆయనకు చేతులతో చెప్పింది. సాంచాల మోతలో పనిచేసేవాళ్లు చేతులతోనే మాట్లాడుకుంటారట. నన్ను చూపించింది. మెడ చుట్టూ వేలు తిప్పి పుస్తెలతాడు చూపించింది. రెండు వేళ్లెత్తింది. చివరికి ఆయన గుండె మీద వేలు పెట్టింది. తాత కాసేపు ఆలోచించి, సాంచాల మీదుగా వినబడేంత గొంతుతో అన్నాడు:

"ఉన్నొక్కదానికే నా మీద కోపం తక్కువ లేదు. ఇంకొకతెను తెచ్చి ఇద్దరితోని తిట్లు తినాల్నా?"

మళ్లీ నవ్వులు. గంగారాం కాక నా చెవి దగ్గరికి వంగి, "రాజేశం, ఇంటికి పోయినంక మాట్లాడుకుందం," అన్నాడు. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. సిరిసిల్లలో మా పేరు నిలబడటం అటుంచి, బెంజో అటుక మీదికి ఎక్కుతున్నట్టే కళ్లకు కట్టింది.

శ్యామలక్క నవ్వలేక ఏడవలేక నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను.

"వాళ్ల పెండ్లికి మేళం లేకుండె తమ్మీ," అంది. "ఆ నెలల్నే మా తాత కాలం జేసిండట. దండలు మార్చుకున్నరు, తెల్లారి మా బాపు మగ్గం మీద కూసున్నడు. మా బాపుకు బెంజో అంటె పానం. చెవులు మంచిగున్న దినాలల్ల, గణపతి ముంగట బెంజో మోగితె సాంచ బందు వెట్టి ఉరికెటోడట. గందుకే డీజే వద్దని మిమ్ముల పిలిచిన. జర మంచిగ వాయించుండ్రి."

దండలు మారాయి. గంగారాం కాక మొదలుపెట్టాడు. ఆ రోజు కాక వాయించినట్టు మళ్లీ వాయించగా నేను వినలేదు. నా పాపం కూడా తానే కడగాలన్నట్టు వాయించాడు. అంబదాసు తాత కాక వేళ్లవైపు చూస్తూ కూర్చున్నాడు. వేళ్లు కదులుతున్నాయి, ఆయనకు ఏమీ చేరడం లేదు. అది చూడటం కష్టంగా ఉంది. ఉన్నట్టుండి ఆయన కుర్చీలోంచి లేచి, మెడలో దండతోనే మా దగ్గరికొచ్చి, కింద కూర్చున్నాడు. కూర్చుని, మోగుతున్న బెంజో పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు.

కాక తన వాయిద్యాన్ని ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. నేను ఆపబోయాను. కాక తలతోనే వద్దని చెప్పి, వాయించడం ఆపకుండానే పెట్టెను తాత వైపు కొంచెం జరిపాడు.

తాత కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన బొటనవేలు చెక్క మీద తాళం వేయడం మొదలుపెట్టింది.

"వస్తుంది," అన్నాడు. "రుక్కీ, వస్తుంది."

రుక్కవ్వ వచ్చి ఆయన పక్కన కూర్చుని, ఆయన చెయ్యి పక్కన తన చెయ్యి ఆనించింది. సమ్మయ్య ఏమనుకున్నాడో, ఢోలక్ మీద ఉన్న దెబ్బ మార్చి సాంచా నడక పట్టుకున్నాడు. టకటకటకటక. పందిట్లో సగం మంది నేతపనివాళ్లే. ఒక్కొక్కరి చేతులూ వాటంతట అవే చప్పట్లు కొట్టసాగాయి. నేను మాండలిన్ పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఏడ్సుడు తర్వాత," అన్నాడు కాక. "పాడు."

పాడాను. ముక్కు మూసుకుపోయి పాటలో సగం మాటలు పలకలేదు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత వాళ్లిద్దరినీ నడిపిస్తూ వాడంతా ఊరేగింపు చేశాం. ప్రతి గడపలోనూ ఎవరో ఒకరు నన్ను పిలిచి, "తమ్మీ, పోనియ్యాల్నా, ఆపుతవా?" అని అడిగారు. రెండు మలుపులు దాటేసరికి తొట్టెల ఫంక్షనుకు ఒకరు, ఇల్లు పూజకు ఒకరు కాకను మాట్లాడుకున్నారు. ఇద్దరూ పెట్టిన షరతు ఒక్కటే: ఆ మైకు పిలగాడు తప్పకుండా రావాలి.

బయలుదేరేటప్పటికి ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. రుక్కవ్వ నా చేతిలో తిండి మూట పెట్టింది.

"అవ్వా, నేను తప్పు ఇన్న," అన్నాను.

"తప్పే ఇన్నవు బిడ్డా. అయినా గంతమందిల నా దిక్కు నిలవడ్డవు. నా తోడవుట్టినోళ్లు గూడ ఎన్నడు గట్ల నిలవడలే," అని నా తల నిమిరి లోపలికి వెళ్లింది.

అంతలో అంబదాసు తాత నా భుజం పట్టుకుని పక్కకు లాగాడు. అటూ ఇటూ చూశాడు. నా చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పాడు. తన గొంతు తనకే వినబడని మనిషి గుసగుస ఎలా ఉంటుందో మీరు ఊహించుకోండి. వాడ చివర వంటపాత్రలు కడుగుతున్నవాళ్లు కూడా తలెత్తి చూశారు.

"బిడ్డా, నిజంగనే ఏదన్న పిల్ల ఉంటె ముందుగాల నాకు చెప్పు. శ్యామలకు చెప్పకు."

"ఇనవడ్డది," అని ఇంట్లోంచి రుక్కవ్వ గొంతు వచ్చింది.

వాడందరికీ వినబడిన ఆ మాట ఆయన ఒక్కడికే వినబడలేదు. గొప్ప రహస్యం చెప్పినవాడిలా నా వీపు తట్టి, కండువా సర్దుకుని, నిశ్చింతగా ఆమె దగ్గరికే లోపలికి వెళ్లాడు.

కరీంనగర్ బస్సులో గంగారాం కాక బెంజోను నా ఒళ్లో పెట్టి, దాని మీద చెయ్యి వేయించి, సమ్మయ్య సాక్షిగా నా చేత ప్రమాణం చేయించాడు. నేటి నుండి ఏ ఊళ్లోనైనా, ఏ పందిట్లోనైనా, ఎవరు ఎవరి మెడలో ఎన్నోసారి దండ వేసినా, ముక్కోటి దేవతలు దిగివచ్చి ఆపమని బతిమాలినా, రాజేశం అనబడే నేను పాట తప్ప మాట మాట్లాడను. ఆ ప్రమాణాన్ని నా సొంత పెళ్లిలో సైతం నిలబెట్టుకున్నాను. అయితే ఆ రోజంతా మైకును ఒళ్లో పెట్టుకుని సమ్మయ్య కూర్చున్నాడన్న మాట కూడా నిజమే.